చేతికి తెలిసిన మీటలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాల్లో కార్ల సంగతి రెండు ముక్కలు చెప్పదలిచాను. "కారు కొనని గుమాస్తాకు కారు సంగతి ఎందుకయ్యా?" అని మీరు నవ్వుకోవచ్చు. నేను కారు కొనని మాట నిజమే గాని, సర్వీసులో చాలా ఏళ్లు ఆఫీసు జీపు లాగ్ బుక్కు రాసినవాణ్ణి.

1974లో తిరువూరు తాలూకా కచేరీలో చేరాను. అప్పుడు మా ఆఫీసుకు ఒక పాత జీపు ఉండేది. డ్రైవరు గారు మా నాన్నగారి వయసువారు. "గుమాస్తా గారూ, లాగ్ బుక్కు రాసేవారికి బండి గురించి తెలియకపోతే ఎలాగండీ?" అని ఒక ఆదివారం బానెట్ ఎత్తి నాకు పాఠం చెప్పారు. ఇది చోక్, చలికాలం పొద్దున ఇంత లాగాలి. ఇది హెడ్‌లైటు డిమ్ చేసే బొత్తాం, ఎడమ కాలి కింద ఉంటుంది. ఇది హ్యాండ్ బ్రేకు. మొత్తం పది మీటలు కూడా లేవు. నేను అడిగినదే మళ్లీ అడిగినా ఆయన విసుక్కోలేదు, అడగడానికి నేనూ సిగ్గుపడలేదు.

1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికలప్పుడు గంపలగూడెం వైపు నుంచి రాత్రివేళ తిరిగి వస్తుంటే బండి ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోయిందన్నారు. చుట్టూ కటిక చీకటి, నా చేతిలో టార్చి కూడా లేదు. డ్రైవరు గారు సీటు కింద చెయ్యి పెట్టి హ్యాండిల్ తీశారు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, "చోక్ సగం లాగి పట్టుకోండి" అన్నారు. ఆ చీకట్లో నా చేతికి చోక్ దానంతటదే దొరికింది. ముందు నుంచి ఆయన నాలుగు తిప్పులు తిప్పేసరికి ఇంజను అందుకుంది. మీట ఉన్నచోట చెయ్యి, చెయ్యి ఉన్నచోట మీట. ఆ బండి గొప్పతనం అంతే.

పెద్ద ఆఫీసర్లు వస్తే అంబాసిడర్‌లో వచ్చేవారు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ నమూనా మీద కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యేది. 1950ల చివర మొదలై 2014 మే దాకా నడిచింది. ఏళ్ల తరబడి దాని గేరు మీట స్టీరింగు పక్కనే ఉండేది. ఫియట్‌కూ, ఆ తరవాత పద్మిని అని పేరు పెట్టుకున్న దానికీ అంతే. ఒక బండి నడిపినవాడు ఊళ్లోని ఏ బండయినా నడపగలిగేవాడు. అద్దం దించాలంటే చిన్న పిడి తిప్పడమే.

ఆ రోజులే బంగారమని మాత్రం నేననను. ఆ స్టీరింగు తిప్పితే భుజాలు పట్టేసేవి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కంటే దేవుడి మీద ఎక్కువ భారం వేసేవాళ్లం. సీటు బెల్టు సంగతి ఎవరికీ తెలియదు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు డ్రైవరు ముందు ఎయిర్ బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, వేగం 80 కిలోమీటర్లు దాటితే హెచ్చరిక తప్పనిసరి చేశారు. మా రోజుల్లో ఇవి ఉంటే రోడ్డు మీద పోయిన స్నేహితుల్లో కొందరు ఈ సభలో కూర్చుని ఉండేవారు.

ఇక నేను చెప్పదలిచిన అసలు సంగతి. మా అబ్బాయి కొత్త కారు కొన్నాడు. స్టీరింగు పక్కన పెద్ద తెర. ఎ.సి. కూడా దాని మీద వేలు పెట్టే వెయ్యాలి. "నాన్నా, తలుపులు ఎలా తియ్యాలో ఒకసారి చూపిస్తాను" అంటే, "నాకు తెలుసులేరా, జీపులు చూసినవాణ్ణి" అన్నాను.

పోయిన మే నెలలో విజయవాడ నుంచి వస్తూ దారిలో మందుల షాపు ముందు ఆపాడు. మనవణ్ణి తీసుకుని లోపలికి వెళ్తూ అలవాటు కొద్దీ రిమోట్ నొక్కి తాళం వేశాడు. వెనక సీట్లో నేనూ, మా ఇంటావిడా. ఎ.సి. ఆగిపోయింది. అద్దం బొత్తాం నొక్కితే పలకలేదు. తలుపు పిడి లాగితే రాలేదు. మనవడి కోసం వెనక తలుపులకు పిల్లల తాళం వేసి ఉందని నాకు తెలియదు. ఎండ మండిపోతోంది. ఆవిడ బి.పి. మనిషి, "ఏవండీ, ఊపిరి ఆడటం లేదు" అన్నది. అద్దం మీద చేతులతో బాదాను. పక్కన కొబ్బరిబొండాలు అమ్మే అతను చూసి, షాపులోకి పరుగెత్తి మావాణ్ణి పిలుచుకొచ్చాడు. అంతా కలిపి పది నిమిషాలు అయి ఉంటుంది. ఆవిడ తేరుకోవడానికి సాయంత్రం అయింది.

ఇంటికొచ్చాక తొమ్మిదేళ్ల మనవడు చెప్పాడు: "తాతయ్యా, ముందు తలుపు పిడి రెండుసార్లు లాగితే వస్తుంది. రెండు సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపితే హారన్ అందుతుంది. కారు ఆపి ఉన్నా మన హారన్ మోగుతుంది." ఇరవై నాలుగేళ్ల వయసులో డ్రైవరు గారిని అడగడానికి లేని సిగ్గు, డెబ్బై దాటాక కన్నకొడుకుని అడగడానికి అడ్డొచ్చింది. తప్పు కారుది కాదు, నాది.

అయితే తెరల విషయంలో మన గొణుగుడు ఉత్త చాదస్తం కాదండోయ్. 2022లో స్వీడన్ దేశపు కార్ల పత్రిక ఒకటి పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు చిన్న పనులు చేయమంటే, బొత్తాలున్న 2005 నాటి పాత కారులో 10 సెకన్లు పట్టింది. తెర ఉన్న కొత్త కారు ఒకదానిలో 44 సెకన్లు దాటింది. అంటే కిలోమీటరు పైచిలుకు దూరం డ్రైవరు ధ్యాస సగం తెర మీదే. అందుకే ఐరోపాలో కార్ల భద్రతకు మార్కులు వేసే సంస్థ 2026 నుంచి నియమం మార్చింది. ఇండికేటరు, హారన్, వైపరు, ప్రమాద సూచక దీపాలు, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ చేతికందే మీటలుంటేనే పూర్తి మార్కులట. మా డ్రైవరు గారు వింటే మీసం దువ్వేవారు.

కనుక నా మనవి ఒక్కటే. ఎవరి కారెక్కినా కదిలే ముందు నాలుగు సంగతులు అడగండి: తలుపు లోపలి నుంచి ఎలా తియ్యాలి, అద్దం ఎలా దించాలి, హారన్ ఎక్కడ, బెల్టు ఎలా విప్పాలి. ఒకసారి విని ఊరుకోకండి, చేత్తో చేసి చూడండి. పిల్లలకూ ఒక మాట: పెద్దవాళ్లను, పసివాళ్లను కారులో ఉంచి తాళం వెయ్యకండి నాయనా, రెండు నిమిషాలకైనా సరే.

ఇప్పుడు మా ఇంటావిడ కారెక్కగానే ముందు హారన్ ఒకసారి మోగించి గానీ కూర్చోదు. వీధిలో వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.