వరసలో మొదటివాడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంత వయసు వచ్చినా నన్ను పేరు పెట్టి పిలవకుండా "ఒరే పొట్టీ" అనే పిలుస్తున్న నా బ్యాచ్ మిత్రులకు నమస్కారం.

ఈ బడిలో అయిదేళ్లు నేను వరసలో మొదటివాణ్ణి. చదువులో కాదండీ, పొద్దున ప్రార్థన వరసలో. ఎత్తు ప్రకారం నిలబెట్టేవారు కదా, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా ముందు ఎవరూ నిలబడలేదు. ఏటా జూన్‌లో బడి తెరవగానే కొత్తగా చేరినవాళ్లలో నాకన్నా పొట్టివాడు ఎవడైనా ఉన్నాడేమోనని వెతుక్కునేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒకడు దొరికాడు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి వాడూ నన్ను దాటిపోయాడు. ఇదిగో, నాలుగో కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు.

"ఆస్ట్రేలియా నుంచి వస్తున్నావు, పిల్లలూ ఆటలూ అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు కార్యదర్శిగారు. ఆయన క్రికెట్ అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది మీలో చాలామంది చూడని ఆట గురించి. మా అబ్బాయి ఆడుతున్నాడు కాబట్టి చెబుతున్నాను. వాడూ వరసలో మొదటివాడే. వంశపారంపర్యం.

మేం ఉండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో. టార్నీట్, పాయింట్ కుక్ వైపు మనవాళ్లు బాగా ఉన్నారు. ఆ ఊరికి ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. వాళ్లది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ముద్దుగా 'ఫుటీ'. మెల్‌బోర్న్‌లో 1859లోనే దీనికి నియమాలు రాసుకున్నారు. మనం ఆడే ఫుట్‌బాల్‌కి ఇంగ్లండులో నియమాలు రాసింది దానికి నాలుగేళ్ల తర్వాత. కోడిగుడ్డు ఆకారంలో మైదానం, బంతీ అదే తీరు. జట్టుకు పద్దెనిమిది మంది. బంతిని తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోలు, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక పాయింటు. బంతి పట్టుకున్నవాణ్ణి నడుం దగ్గర వాటేసుకుని పడెయ్యవచ్చు. సెప్టెంబరు ఆఖర్లో ఫైనల్ జరుగుతుంటే ముందురోజు రాష్ట్రమంతా సెలవు. మనకు సంక్రాంతికి కోడిపందేలెంతో వాళ్లకు ఇది అంత.

మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు, క్లాసులో పిల్లలంతా చేరారని, 'ఆస్‌కిక్' అనే చిన్నపిల్లల శిక్షణలో చేరతానన్నాడు. అక్కడ ఏ గొడవా లేదు. చిన్న బంతి, చిన్న మైదానం, ఒకరినొకరు పడెయ్యడం ఉండదు, స్కోరు పట్టింపు లేదు. పిల్లలు తన్నడం నేర్చుకుంటారు, గడ్డిలో దొర్లుతారు, ఇంటికొస్తారు. మరుసటి ఏడు పదకొండేళ్ల లోపు పిల్లల జట్టులో క్లబ్బు ఆట మొదలైంది. అక్కడి నుంచి మా ఇంట్లో నిద్రలు పోయాయి.

వయసు లెక్క క్యాలెండరు ఏడాదిని బట్టి. మా వాడు నవంబరులో పుట్టాడు. జనవరిలో పుట్టినవాడూ వాడూ ఒకే జట్టు. ఆ వయసులో పది నెలలంటే చాలా తేడా. దానికి తోడు ఎదుగుదల అందరికీ ఒకే ఏడు రాదు. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లల్ని పక్కపక్కన నిలబెడితే, పుట్టినరోజులు దగ్గర దగ్గరగా ఉన్నా ఒళ్లు ఎదిగిన తీరులో రెండు మూడేళ్ల తేడా కనబడడం మామూలే. ఒకడికి మీసం వస్తుంటుంది, ఇంకొకడికి పాలపళ్లు పూర్తిగా ఊడి ఉండవు. ఉపాధ్యాయులు మీకు నేను చెప్పక్కర్లేదు, ఎనిమిదో తరగతి గది గుమ్మంలో నిలబడితే చాలు.

ఇక ఇండియా నుంచి మా అమ్మ రోజూ ఫోను. "రెండు గుడ్లు పెట్టండిరా, మినపసున్ని తినిపించండిరా." పెట్టాం. వాడు పొడుగవలేదు, నేను లావయ్యాను.

మొదటి ఆటలో ఏం జరిగిందో చెబుతాను. రెండో క్వార్టర్లో బంతి వాడి చేతికొచ్చింది. ఎటు తన్నాలో చూసుకునేలోపు వాడికి ఇద్దరంత ఉన్న పిల్లాడు వచ్చి పట్టుకున్నాడు. పద్ధతి ప్రకారమే పట్టుకున్నాడు, తప్పేం చెయ్యలేదు. మా వాడు వెల్లకిలా పడ్డాడు. పళ్ల కవచం ఊడి బురదలో పడింది. అంతే, నేను గీత దాటి లోపలికి పరిగెత్తాను. ఆ ఆటలో నీళ్లిచ్చేవాళ్లు, ప్రథమ చికిత్స చేసేవాళ్లు తప్ప తల్లిదండ్రులు మైదానంలోకి అడుగు పెట్టకూడదు. అంపైరు విజిల్ వేసి ఆట ఆపాడు. రెండు జట్ల పిల్లలూ నన్నే చూస్తున్నారు. నేను చేరేలోపే మా వాడు లేచి, కవచం తుడుచుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. దెబ్బేం తగల్లేదు.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంటి వీధి మలుపు దగ్గర అన్నాడు: "నాన్నా, నేను చిన్నగా ఉంటానని నాకు తెలుసు. నువ్వు అందరికీ చెప్పక్కర్లేదు."

ఆ రాత్రి నేనూ మా ఆవిడా ఈ ఆట మాన్పించేద్దామనే అనుకున్నాం. చదరంగంలో వేద్దాం, క్రికెట్‌లో వేద్దాం, లోకంలో ఆటలకేం తక్కువ? నిజం చెప్పాలంటే వాడి గురించి భయం సగమే. ఆ గడ్డి మీద పడింది నేనే అన్నట్టుగా ఉంది నాకు. మిగతా సగం అదీ.

అప్పుడు గుర్తొచ్చింది ఈ బడి ఖోఖో మైదానం. మీకు తెలుసో తెలీదో, ఎనిమిదో తరగతి దాకా నన్ను ఏ ఆటలోనూ దింపలేదు. స్కోరు పుస్తకం నా చేతికిచ్చి చెట్టు కింద కూర్చోబెట్టేవారు. దయతోనే చేశారు, దెబ్బ తగులుతుందని. ఆ దయ ఎంత బరువో పుస్తకం మోసినవాడికే తెలుస్తుంది. మన డ్రిల్లు మాస్టారు ఈ బడికి బదిలీ మీద వచ్చిన మొదటి వారంలోనే ఆ పుస్తకం తీసి ఇంకొకడికిచ్చారు. "వీడు మొదటి బ్యాచ్‌లో దిగుతాడు" అన్నారు. ఎవరో అన్నారు, "చిన్నవాడండీ" అని. మాస్టారు అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "వీణ్ణి పట్టుకోడం అవతలివాళ్ల పని. దొరక్కపోవడం వీడి పని. ఇందులో ఎత్తు సంగతెక్కడుంది?" భయపడకు అనలేదు, నువ్వూ పెద్దవాళ్లతో సమానమే అని కూడా అనలేదు. పని చెప్పారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య, కూర్చున్నవాళ్ల సందుల్లోంచి ఎలా మెలికలు తిరగాలో వారం రోజులు నేర్పారు. మాస్టారూ, మీరు మూడో వరసలో ఉన్నారు, లేవకండి, నేనే వచ్చి దణ్ణం పెడతాను.

మర్నాడు కోచ్‌ని కలిశాను. అక్కడ పిల్లల జట్ల కోచ్‌లంతా తల్లిదండ్రులే, జీతం ఉండదు. ఈయన వృత్తిరీత్యా ప్లంబరు. నేను చెప్పిందంతా విని, "బంతి గాలిలో ఉన్నంతసేపు మీ వాడిది కాదు. కింద పడగానే మీ వాడిది" అన్నాడు. ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్న మన డ్రిల్లు మాస్టారికీ ఆ ప్లంబరుకీ పరిచయం ఉండే అవకాశం లేదు. ఇద్దరిదీ ఒకటే మాట.

ఆయన ఎందుకలా అన్నాడో ఆట చూస్తేగాని అర్థం కాలేదు. గాలిలో వస్తున్న బంతి కోసం పొడుగువాళ్లు నలుగురైదుగురు ఒక్కసారి ఎగురుతారు. చాలాసార్లు ఎవడికీ చిక్కదు, గుంపు కాళ్ల దగ్గర పడుతుంది. గుడ్డు ఆకారం కదా, ఎటు ఎగురుతుందో బంతికే తెలీదు. అప్పుడు కావలసింది ఎత్తు కాదు, నేలకు దగ్గరగా ఉండడం, చటుక్కున వంగడం. ఆ ఆటలో అలా రాలిన ముక్కలేరుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఓ స్థానమే ఉంది. 1990లో అంపైర్ల ఓట్లతో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచిన టోనీ లిబరటోరే ఎత్తు 163 సెంటీమీటర్లు, మన లెక్కలో అయిదడుగుల నాలుగంగుళాలు. బ్రెంట్ హార్వీ 167. ఆయన ఒకే క్లబ్బుకి 432 ఆటలు ఆడాడు. 2016లో మా పడమటి మెల్‌బోర్న్ జట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్ 62 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు, జట్టులో 168 సెంటీమీటర్ల కేలబ్ డేనియల్ ఉన్నాడు, తలకు హెల్మెట్ పెట్టుకుని. వీళ్ల వీడియోలు మా వాడితో కలిసి చూశాను. "వాళ్లలా నువ్వూ అవుతావు" అని మాత్రం అనలేదు. అది ఇంకో బరువు.

ఆ హెల్మెట్ చూసి నేనూ ఒకటి కొనబోయాను. క్లబ్బులో ప్రథమ చికిత్స చూసే ఆవిడ వివరంగా చెప్పింది: హెల్మెట్ వల్ల గీతలు, చర్మం చిట్లడం తగ్గొచ్చుగానీ, తల అదిరినప్పుడు మెదడుకు తగిలే దెబ్బను అది ఆపుతుందని రుజువు లేదు. అలాంటి దెబ్బ అని అనుమానం వస్తే చాలు, పిల్లవాణ్ణి బయటికి తెచ్చేస్తారు, కనీసం 21 రోజులు మళ్లీ ఆడనివ్వరు. మన బడుల్లో తల తిరుగుతోందన్న పిల్లవాడికి గ్లాసుడు నీళ్లిచ్చి మళ్లీ దింపడం నేను చూశాను, నాకూ జరిగింది. ఈ ఒక్క విషయం మాత్రం ఇక్కడున్న వ్యాయామ ఉపాధ్యాయులు దయచేసి మనసులో పెట్టుకోండి.

అసలు రక్షణ నేర్పులో ఉంది. బంతి మీదికి తల ముందు పెట్టి దూకకూడదు, ఒళ్లు పక్కకు తిప్పి భుజం, తుంటి అడ్డం పెట్టి వంగాలి. ఇంటి వెనక పెరట్లో ఒక ఎండాకాలమంతా ఇదే చేశాం. నేను దిండు పట్టుకుని ఢీకొట్టడం, వాడు బంతి తియ్యడం. పడేటప్పుడు చేతులు చాచకుండా దొర్లడం. తన్నడంలో కూడా కాలిబలం కన్నా బంతిని చేతిలోంచి పాదం మీదికి తిన్నగా వదలడమే ముఖ్యమని కోచ్ చెప్పాడు. అది రోజుకి యాభైసార్లు. ఎడమ కాలితో కూడా. ఇవన్నీ ఒళ్లు పెరిగేదాకా ఆగక్కర్లేని పనులు.

అన్నిటికన్నా వాడికి నచ్చింది పట్టు. భుజాలకు పైన పట్టుకుంటే తప్పు, వెనక నుంచి తోస్తే తప్పు. నడుం దగ్గర పట్టుకోవాలి. పొట్టివాడి చేతులు ఉండేదే అక్కడ! బంతి వదిలే అవకాశం ఉండి కూడా వదలకుండా పెద్దవాడు దొరికిపోతే, పట్టుకున్నవాడికే బంతి ఇస్తారు. జామచెట్టుకు ఉడతలా మా వాడు ఒకడి నడుం పట్టుకుని వేలాడి, అంపైరు విజిల్ వేశాక కూడా వదలకపోతే కోచ్ వచ్చి విడదియ్యాల్సి వచ్చింది.

ఇలా చెబుతుంటే అంతా సుఖాంతం అనిపిస్తుంది. కాదు. రెండో ఏడు కూడా చాలా ఆటల్లో బంతి వాడి దాకా రాలేదు. రెండుసార్లు మానేస్తానన్నాడు. ఈ సీజన్ పూర్తిచెయ్యి, జట్టువాళ్లకు మాటిచ్చావు కదా, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. సీజన్ అయ్యాక అడిగితే, ఏమీ ఎరగనట్టు, "మానేస్తానని ఎవరన్నారు?" అన్నాడు.

ఈలోగా నా అరుపులు తగ్గలేదు. గీత బయట నిలబడి "ఎడమకి రా, వదిలెయ్, తన్ను" అని తెలుగులో అరిచేవాణ్ణి. ఎవరికీ అర్థం కాదనే ధైర్యం. అవతలి జట్టులో ఇద్దరు తెలుగు పిల్లలున్నారని తర్వాత తెలిసింది. జట్టు మేనేజరు ఒకరోజు నవ్వుతూ వచ్చి నాకో తెల్లకోటూ, రెండు జెండాలూ ఇచ్చింది. గోల్ అంపైరుగా ప్రతి జట్టూ ఒక తండ్రినో తల్లినో పంపాలి. ఆ స్తంభాల మధ్య నిలబడినవాడు ఏ జట్టు తరఫునా అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. నా నోటికి ఇంతకన్నా మంచి మందు ఇంకెవరూ కనిపెట్టలేదు. గోలయితే రెండు జెండాలు, పక్కకు పోతే ఒకటి. ఒక కార్డు మీద స్కోరు గీతలు గియ్యాలి. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ స్కోరు పుస్తకమే వచ్చింది చేతికి.

ఆగస్టులో ఒక ఆదివారం, ఆఖరి క్వార్టరు. మా జట్టు అయిదు పాయింట్లు వెనకుంది. నా స్తంభాల ముందే గుంపు ఎగిరింది, బంతి కింద పడింది, పడగానే వాళ్ల కాళ్ల మధ్య నుంచి మా వాడు బయటికొచ్చాడు. ఎడమ కాలితో తన్నాడు. వాడి జీవితంలో మొదటి గోలని మైదానమంతా అరిచింది. కానీ స్తంభం పక్కనే ఉన్న నాకు 'టక్'మని వినిపించింది. సన్నగా తగిలింది. స్తంభానికి తగిలితే గోలు కాదు, ఒకే పాయింటు. అంపైరు నా వైపు చూశాడు. మా వాడూ చూశాడు.

ఒక వేలు చూపించాను. ఒక జెండా ఊపాను. అవతలి చివరి గోల్ అంపైరు జవాబుగా ఒకటి ఊపాడు. కార్డు మీద ఒక గీత గీశాను. ఆ గీత వంకరగా వచ్చింది. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

కారులో వెనక సీట్లో కూర్చుని నారింజ తొనలు తింటున్నాడు. ఆట మధ్యలో పంచగా మిగిలినవి.

"తగిలిందా నాన్నా?"

"తగిలింది."

"నాకూ వినిపించింది" అన్నాడు, ఓ తొన నా చేతికిస్తూ.