నెత్తురు వస్తోందని బ్రష్ ఆపకండి



పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మేసినప్పుడు ఆ నురుగులో ఎర్రని చార కనిపిస్తే మీరేం చేస్తారు? బ్రష్ గరుకుగా ఉందేమో, చిగురు గీసుకుపోయిందేమో అనుకుని చాలామంది మర్నాటి నుంచి ఆ వైపు బ్రష్ పోనివ్వరు. కొందరు బ్రష్ పక్కన పెట్టేసి వేలితో పళ్లపొడి రుద్దుకుంటారు. ఇంకొందరు ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా "నెత్తురొస్తుంటే ఎందుకమ్మా అలా తోముతావు, నాలుగు రోజులు వదిలెయ్యి" అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ చిగుళ్ల విషయంలో ఇంత నష్టం చేసే సలహా ఇంకొకటి లేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

పన్నూ చిగురూ కలిసే చోట సన్నని గాడి ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు 3 మిల్లీమీటర్లు దాటదు, అంటే సుమారు సగం బియ్యపు గింజంత. నిద్ర లేవగానే నాలుకతో తడిమితే పళ్ల మీద జిగటగా పాచి తగులుతుంది చూశారా, ఈ గాడి అంచున అది బాగా పేరుకుంటుంది. పాచి అంటే రాత్రి తిన్న అన్నం మెతుకులని అనుకుంటాం. కాదు. అది బ్యాక్టీరియా కట్టుకున్న గూడు. రకరకాల సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి పట్టుకుని, తాము తయారుచేసుకున్న జిగురులోనే పొరలు పొరలుగా కాపురం పెడతాయి.

ఆ గూటిని మొదట చూసినవాడు డాక్టరు కాదు, హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణానికి చెందిన బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. తన చేత్తో అరగదీసుకున్న చిన్న భూతద్దం కింద తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచినే పెట్టి చూశాడు. రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే మనిషి ఆయన, మన తాతముత్తాతల్లాగే. అయినా ఆ పాచి నిండా కదిలే ప్రాణులు కనిపించాయి. ఆ సంగతి 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన చేసిన ఇంకో పని నాకు మరీ ఇష్టం. ఘాటైన వెనిగర్‌ను నోట్లో పోసుకుని పుక్కిలించి, మళ్లీ పాచి తీసి చూశాడు. ప్రాణులు బతికే ఉన్నాయి. అదే వెనిగర్‌ను బయట పాచిలో కలిపితే వెంటనే చచ్చిపోయాయి. అంటే నోట్లో పోసుకున్న వెనిగర్ పైపొరను తాకింది గాని లోపలికి దిగలేదన్నమాట. ఖరీదైన మౌత్‌వాష్ సీసా కొని పుక్కిలిస్తే చాలనుకునే వారికి మూడు వందల ఏళ్ల కిందటి ఈ ప్రయోగం ఇవాళ్టికీ వర్తిస్తుంది. గూటిని చెదరగొట్టాలంటే రాపిడి కావాలి.

సరే, పాచిలో బ్యాక్టీరియా ఉన్నాయి. మరి చిగుళ్లు వాచేది వాటివల్లేనా? చిగుళ్లు చెడిపోయాక అవి వచ్చి చేరుతున్నాయేమో కదా! విటమిన్ల లోపమేమో, వయసు ప్రభావమేమో! ఈ చిక్కుముడిని విప్పింది డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో జరిగిన ఒక ప్రయోగం. హెరాల్డ్ లోయె, ఆయన సహచరులు 1965లో దాన్ని ప్రచురించారు. పెద్ద ఖర్చు లేదు, కొత్త యంత్రాలు లేవు. చిగుళ్లు బాగున్న 12 మందిని, ఎక్కువగా దంతవైద్య విద్యార్థులనే, పిలిచి పళ్లు తోముకోవడం మానేయమన్నారు. అంతే.

పళ్లు తోమని మనిషి నోట్లో రోజురోజుకీ ఏం జరుగుతుందో వాళ్లు ప్రయోగశాలలో చూస్తూ వచ్చారు. మొదట పంటి మీద గుండ్రటి బ్యాక్టీరియా కొద్దిగా ఉన్నాయి. ఇవి మామూలుగా మనతో కాపురం చేసేవే, పెద్దగా హాని లేనివి. మూడు నాలుగు రోజులు గడిచేసరికి దారాల్లాంటివి, కండెల్లాంటివి వచ్చి చేరాయి. వారం దాటేసరికి మెలికలు తిరుగుతూ ఈదే రకాలు కనిపించాయి. తోమడం మానేసిన 10 నుంచి 21 రోజుల లోపల 12 మందికీ చిగుళ్లు ఎర్రబడి ఉబ్బాయి. ఒక్కరు కూడా తప్పించుకోలేదు.

అప్పుడు వాళ్ల చేతికి మళ్లీ బ్రష్ ఇచ్చారు. మందు లేదు, మాత్ర లేదు, ఇంజక్షన్ లేదు. వారం రోజులకు కాస్త అటూ ఇటూగా చిగుళ్లు మామూలు రంగుకు వచ్చేశాయి. మెలికల జీవులు మాయమై పాత గుండ్రటివే మిగిలాయి. పాచి చేరితే జబ్బు, పాచి పోతే ఆరోగ్యం అని రెండు వైపుల నుంచీ రుజువైంది. వైద్యశాస్త్రంలో ఇంత సూటిగా తేలిన సంగతులు తక్కువ.

ఇప్పుడు మొదట చెప్పిన ఎర్రచార దగ్గరికి వద్దాం. గాడి అంచున పాచి చేరగానే మన ఒంట్లోని రక్షణ బలగం అక్కడికి పరుగెడుతుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్ల రక్తకణాలు చేరతాయి, గాడి లోపలి పొర పలచబడి పుండవుతుంది. అందుకే బ్రష్ తగలగానే నెత్తురు వస్తుంది. ఆ పుండు మీదున్న పాచిని బ్రష్ తీసేస్తుంది. మనమేమో నెత్తురు చూసి బ్రష్‌నే దూరం పెడుతున్నాం!

అలా వదిలేస్తే ఏమవుతుందో కూడా లోయె బృందమే చూసింది, మన పక్కనే ఉన్న శ్రీలంకలో. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్లను 1970 నుంచి 1985 దాకా పరీక్షిస్తూ వచ్చారు. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, పళ్ల డాక్టరు అందుబాటులో లేడు. నూటికి 8 మందికి పళ్లను పట్టి ఉంచే ఎముక వేగంగా కరిగిపోయింది. 81 మందికి మెల్లగా కరుగుతూ వచ్చింది. చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయినవారు 11 మంది. ఈ అంకెలు దంతవైద్య విద్యార్థులందరూ చదివేవే. వాటి వెనక ఎవరి ఆసరా లేకుండా పళ్లు పోగొట్టుకున్న కష్టజీవులున్నారన్న సంగతి నేను మరిచిపోలేను.

ఈ జబ్బులో నొప్పి ఉండదు, అదే అసలు ప్రమాదం. పిప్పిపన్నైతే అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. చిగుళ్ల జబ్బు మాత్రం పన్ను కదిలేదాకా నోరు మెదపదు. సిగరెట్టు, బీడీ, చుట్ట కాల్చేవారిలో నెత్తురు కూడా తక్కువగా కనిపిస్తుంది. అది చూసి చిగుళ్లు గట్టిగా ఉన్నాయని ధీమా పడకండి, లోపల జబ్బు ముదురుతూనే ఉండవచ్చు. షుగర్ ఉన్నవారికి ఇది తొందరగా ముదురుతుంది, చిగుళ్ల వాపు వల్ల షుగర్ అదుపు కూడా కష్టమవుతుంది. చిగుళ్లకు వైద్యం చేయిస్తే షుగర్ కొంత తగ్గుతుందని రోగుల మీద జరిపిన పరీక్షల్లో తేలింది. గర్భిణులకు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా ఉబ్బుతాయి, వాళ్లు కూడా తోముకోవడం ఆపకూడదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని భయపడేవారు మన ఊళ్లలో ఎందరో. పాచి మీద లాలాజలంలోని సున్నం పేరుకుని గట్టిపడితే గార అవుతుంది. దాన్ని బ్రష్ తీయలేదు, డాక్టరే తీయాలి. ఎముక కరిగిన చోట గారే పన్నుకు ఆధారంలా నిలబడుతుంది. అది పోగానే అంతకుముందే వచ్చిన కదలిక బయటపడుతుంది. కదిలించింది జబ్బు, నింద మాత్రం క్లీనింగ్ మోస్తోంది.

వేపపుల్ల తప్పు కాదు. కొస బాగా నమిలి కుంచెలా చేసి చిగురు అంచు వెంట, దవడ పళ్ల లోపలి వైపు కూడా తిప్పగలిగితే మంచిదే. మనం ముందు నాలుగు పళ్లు రుద్ది పారేస్తాం, అక్కడే వస్తోంది చిక్కు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు, అవి పంటి పింగాణీ పొరను అరగదీస్తాయి. నెత్తురు వస్తోందని మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ మాత్రలు వేసుకోవడం అంతకన్నా వద్దు.

ఈ రాత్రి భోజనమయ్యాక మెత్తని బ్రష్ తీసుకోండి. కుచ్చును సగం పన్ను మీద, సగం చిగురు మీద ఆనేలా ఏటవాలుగా పట్టుకుని, బలం పెట్టకుండా చిన్నచిన్నగా కదపండి. నెత్తురు వచ్చే చోటును తప్పించకండి, అక్కడే ఇంకాస్త ఓపికగా తోమండి. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రచార కనిపిస్తుంది, కంగారు పడకండి. రెండు పూటలా రెండేసి నిమిషాలు, రెండు వారాలు ఇలా చేయండి. అప్పటికీ నెత్తురు ఆగకపోతే గార ఉందని అనుమానించి పళ్ల డాక్టరుకు చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారూ, ముక్కు నుంచో ఒంటి మీద మరెక్కడి నుంచో కూడా నెత్తురు వస్తున్నవారూ రెండు వారాలు ఆగకుండా ముందే డాక్టరుకు చెప్పండి.