ఆ గోడ నాకియ్యండి

(పుత్తూరు దగ్గరి ఒక వాడలో, అంబేద్కర్ జయంతి ఏర్పాట్ల కోసం జరిగిన సమావేశంలో చిత్రకళ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగం)



 నేను బొమ్మలేసేదాన్నే గానీ ఉపన్యాసాలు చెప్పేదాన్ని కాదు. మైకు ముందర కాళ్ళు వణుకుతా ఉండాయి. అయినా ఈ రాత్రి రెండు సంగతులు తేలాల. ఒకటి, జయంతికని ఇంటింటా ఎత్తిన చందాలో పదిహేను వేలు ఫ్లెక్సీలకు పెట్టాలని సంఘం అన్నలు అనుకుంటా ఉండారు. రెండోది, మా పక్కింటి చెల్లెలు ఇంటర్ అయినాక బొమ్మల కాలేజీకి పోతానంటే ఇంట్లో వద్దంటా ఉండారు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని వాళ్ళమ్మ నన్నే నిలదీసింది. అత్తా, నువ్వు అడిగింది తప్పు కాదు. మూడేళ్ళ కింద మా నాయన గూడా నన్ను అదే మాట అడిగినాడు. అడిగే హక్కు ఆయనకు ఇంకా ఎక్కువ ఉంది.

మా నాయన తిరుపతిలో బోర్డులు రాసేవాడు. రేకు మీద ఎనామిల్ రంగుతో లాడ్జీల పేర్లు, హోటళ్ళ పేర్లు, డాక్టర్ల పేర్లు. ముందు నూలుదారానికి సుద్ద రాసి గీత కొట్టుకొని, ఆ గీత మీద అక్షరాలు నిలబెట్టేవాడు. ఎన్నికలొస్తే గోడలు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ రాస్తాడు. ఆయన చదివింది ఐదో తరగతి. 2000ల మొదట్లో ఫ్లెక్సీ మిషన్లు వచ్చినాయి. రెండు రోజుల పని అరగంటలో అయిపోతా ఉంటే ఆయన్ను పిలిచేవాళ్ళెవరు? బ్రష్షులు మూటగట్టి అటకెక్కించి, మేస్త్రీ కింద ఇళ్ళకు రంగులేసే కూలికి పోయినాడు. ఇప్పుడూ పోతానే ఉండాడు. అందుకే నేను బొమ్మల చదువంటే ఆయన రెండు దినాలు మాట్లాడలేదు. ఏటేటా మన విగ్రహానికి నీలం కోటు రంగు వేసేది మాత్రం ఆయనే. దానికి కూలి తీసుకోడు.

కాలేజీలో చేరిన మొదటి ఏడాది పల్లె దృశ్యం వెయ్యమన్నారు. అందరూ కొబ్బరిచెట్లు, ఎద్దులబండి, బావి కాడ బిందెలతో ఆడోళ్ళు. నేను మన వీధి కొళాయి వేసినాను, బిందెల వరసతో సహా, తగాదాతో సహా. సారు చూసి "ఇది పల్లె కాదమ్మా, పల్లెలో అందం వెయ్యి" అన్నాడు. మార్కులు తగ్గినాయి. ఆ రాత్రి హాస్టల్లో చదువు మానేద్దామనుకున్నాను. మానకుండా ఉండేదానికి నేను చేసిన పని ఒకటే. మనలాంటి ఇండ్లల్లో పుట్టి బొమ్మలేసినోళ్ళు ఎట్ల బతికినారు, నెలకు ఎంతొచ్చింది, రంగులెవరు కొనిచ్చినారు, పని ఎవరిచ్చినారు అని లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టినాను. బొమ్మ గొప్పదని పుస్తకాలన్నీ చెప్తాయి. కూటి లెక్క వెతుక్కుంటేనే దొరుకుతుంది.

నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చినాయన అమెరికాలో నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్. 1917లో పుట్టినాడు. వాళ్ళమ్మ ఇండ్లల్లో పాచిపని చేసేది. పిల్లోడు వీధుల్లో తిరగకుండా బడి అయినాక న్యూయార్కులోని హార్లెమ్‌లో, నల్లోళ్ళ పేటలో, బొమ్మల క్లాసులో కూర్చోబెట్టింది. అక్కడ అగస్టా సావేజ్ అని ఒక శిల్పి ఉండేది. 1923లో ఆమె ఫ్రాన్సులో చదువుకోవాలని దరఖాస్తు పెడితే నల్లామె అనే కారణంతో సీటు ఇయ్యలేదు. అది ఆమె మరచిపోలేదు, తన పేటలోనే పిల్లలకు నేర్పింది. ఆ రోజుల్లో కరువు పనుల మాదిరి, కళాకారులకు సర్కారు కూలి ఇచ్చే పథకం ఒకటి ఉండేది. సావేజ్ ఈ పిల్లోణ్ణి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఇరవై ఒకటి నిండలేదని వెనక్కి పంపించినారు. లారెన్స్ ఆ సంగతే మరచిపోయినాడంట. ఆమె మరువలేదు. ఏడాది తిరగంగానే మళ్ళీ తీసుకుపోయి పేరు రాయించింది. వారానికి 23 డాలర్ల చిల్లర. బొమ్మలేసినందుకు వచ్చిన కూలి అది.

ఆ తరవాత 1940, 41లో ఆయన ఒకే కథను 60 పలకల మీద వేసినాడు. దక్షిణాది పత్తి చేలు వదిలి నల్లోళ్ళు ఉత్తరాది పట్నాలకు రైలెక్కి పోయిన కథ. ఒక్కో పలక అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు, అంతే. పలకలన్నీ వరసగా పేర్చుకొని, ముందు ఒక రంగు అన్నిటికీ, ఆ తరవాత ఇంకో రంగు అన్నిటికీ వేసుకుంటా పోయినాడు. అందుకే మొదటి పలకలోని నలుపూ అరవయ్యో పలకలోని నలుపూ ఒకటే. అప్పటికి ఆయన వయసు 23. ఈ పొద్దు ఆ పలకల్లో సగం న్యూయార్కు మ్యూజియంలో, సగం వాషింగ్టన్లో ఉండాయి. నేను వాటిని అచ్చులోనే చూసినాను. చూస్తా ఉంటే కుప్పం స్టేషన్ కళ్ళముందర ఆడింది. తెల్లారకముందే క్యారియర్లు పట్టుకొని బెంగుళూరు రైలెక్కే మనోళ్ళ బొమ్మ ఏ మ్యూజియంలో ఉంది?

రెండో ఆయన ఎమరీ డగ్లస్. 1943లో పుట్టినాడు. చిన్నప్పుడు తప్పుదారి పడితే పిల్లల జైల్లో పెట్టినారు. అక్కడ ప్రెస్సులో పని నేర్చుకున్నాడు. తరవాత శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో వాణిజ్య చిత్రకళ చదివినాడు. అంటే మా నాయన చేసిన పనే, కాలేజీలో నేర్పేది. 1967లో బ్లాక్ పాంథర్ పార్టీలో చేరి వాళ్ళ పత్రికకు బొమ్మలేసినాడు. ఆ పార్టీ పేరు చూసే 1972లో బొంబాయిలో మనోళ్ళు దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు. పార్టీ కాడ డబ్బుల్లేవు. నలుపు, దానికి తోడు ఇంకో రంగు, అంతే అచ్చువేసే స్తోమత. కాబట్టి లావు నల్ల గీతలతో, దూరం నుంచి చూసినా తెలిసేటట్టు బొమ్మ కట్టినాడు. చదువురాని ముసలామెకు కూడా అర్థం కావాలని. ఆ పత్రిక ఒక దశలో వారానికి లక్షకు పైగా అమ్ముడుపోయింది. పార్టీ పోయినాక ఆయన అక్కడే ఒక నల్లోళ్ళ పత్రికలో ఉద్యోగం చేసుకున్నాడు. పేదోళ్ళ పత్రికల్లో మనోళ్ళు స్టెన్సిల్ గీసిన కాలం ఇక్కడున్న పెద్దోళ్ళకు తెలుసు. నేను వేరే చెప్పబల్లేదు.

మన దేశంలో లేరా అంటే ఉండారు. నాగపూరులో పుట్టిన సవి సావర్కర్ బరోడాలో చదివి, ఢిల్లీ ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పినాడు. మెడలో ఉమ్మి కుండ కట్టుకొని నడిచిన అంటరానివాణ్ణి ఆయన గీసినాడు. మా క్లాసులో ఆయన పేరు ఎవరూ చెప్పలేదు, నేను వెతుక్కున్నాను. పార్లమెంటు ముందర 1967లో నిలబెట్టిన బాబాసాహెబ్ కంచు విగ్రహం చేసింది బి.వి. వాఘ్ అనే శిల్పి. వేలు చూపించే ఆ భంగిమే ఊరూరా సిమెంటుతో పోసినారు. మన విగ్రహం చేసినాయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలీదు.

దగ్గర్లో చూస్తే శ్రీకాళహస్తి. కరక్కాయ, బర్రెపాలలో గుడ్డ నానబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపుతో వెదురు కలం పట్టి గీసే కలంకారీ. 1950లలో ఆ పని దాదాపు చచ్చిపోతా ఉంటే కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టినారు. జీతం తీసుకొని నేర్పే గురువులు, స్టైఫండుతో నేర్చుకొనే పిల్లలు ఉన్నందుకే అది నిలబడింది. ఆ కలంకారీలో జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

పద్మశ్రీ అంటే ఇంకో సంగతి చెప్పాల. దాచిపెడితే అత్తకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య, డక్కలి కులం, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాడు. 2022లో ఢిల్లీకి పిలిచి పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన హైదరాబాదు పక్కన తుర్కయంజాల్‌లో కట్టడం పనికి కూలికి పోతా ఉంటే ఆ ఫోటో పేపర్లలో వచ్చింది. బిరుదు కూడు పెట్టదు. లారెన్స్‌కు వారం కూలి దొరికింది, డగ్లస్‌కు పత్రిక దొరికింది, కాళహస్తిలో స్టైఫండు దొరికింది. మొగిలయ్యకు దండ దొరికింది.

కాబట్టి అత్తా, బొమ్మలు కూడు పెడతాయని నేను ప్రమాణం చెయ్యను. పెట్టే దారులు ఉండాయని మాత్రం చెప్తాను. డ్రాయింగ్ టీచరు పని ఉంది, పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు, సినిమా సెట్లు, కంప్యూటర్లో యానిమేషన్. కడపలో 2020 నుంచి ఫైన్ ఆర్ట్స్‌కు యూనివర్సిటీయే ఉంది. రిజర్వేషన్ సీటు మనది. దరఖాస్తు నేను దగ్గరుండి నింపిస్తాను, పాప పోర్ట్‌ఫోలియో ఈ ఎండాకాలమంతా నా కాడ కూర్చొని తయారు చేసుకుంటుంది. మధ్యలో ఆగిపోతే అప్పుడు నన్ను తిట్టు.

ఇక అన్నలకు. ఫ్లెక్సీ గాలికి చినుగుతుంది, మే నెలకంతా అది ఎవరో ఒకరి పశువుల కొట్టం మీద పరదా. ఫ్లెక్సీలో నాయకుల మొహాల సైజు కాడ తగాదాలు ఎట్లాగూ ఉంటాయి, పోయినేడు చూసినాం కదా. కమ్యూనిటీ హాలు తూరుపు గోడ నాకియ్యండి. పదహారు అడుగుల పొడుగు, తొమ్మిది అడుగుల ఎత్తు, కొలిచే వచ్చినాను. ప్రైమరు, రంగులు, బ్రష్షులు అన్నీ కలిపి ఆరు వేలు దాటవు. మిగిలిన తొమ్మిది వేలు చెల్లెలి అడ్మిషన్ ఖర్చుకు ఇచ్చేది సంఘం ఇష్టం. గోడ మీద బాబాసాహెబ్ ఉంటాడు. ఆయన పక్కన మన కొళాయి ఉంటుంది, కుప్పం రైలు ఉంటుంది, డప్పు ఉంటుంది, మిషన్ కుట్టే మా పిన్నమ్మ ఉంటుంది. ఎవరి మొహం ఉండాలో ఆడోళ్ళు కూడా కూర్చొని చెప్పాల.

కింద అక్షరాలు మాత్రం నేను రాయను. నాకు అంత చక్కగా రావు. అటక మీద మూట ఇంకా అట్లే ఉంది. నాయనా, వెనకాల కూర్చొని తల వంచుకుంటే కాదు, నువ్వే రాయాల. సారవ కట్టేదానికి ఆరు వెదుర్లు, రెండు పలకలు కావాల. ఎవరింట్లో ఉంటే వాళ్ళు ఇప్పుడే చెప్పండి, రేపు పొద్దున్నే గోడ గీకుడు మొదలుపెడతాం.