పిల్లలు నా కాళ్ళు కాకూడదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోలియోను జయించిన తల్లిగా మాట్లాడమన్నారు. జయించడం సంగతి ఎలా ఉన్నా ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఆ మాటే చెబుతాను.

నాకు రెండో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఇక్కడ చదివిన ఐదేళ్ళూ ఈ వరండా మెట్లు మూడూ నా స్నేహితురాళ్ళే ఎత్తుకుని ఎక్కించారు. పదో తరగతి మేడ మీద ఉంటే అప్పటి హెడ్మాస్టరు గారు నా కోసం కిందికి మార్పించారు.

కడుపుతో ఉన్నప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న. “నిన్నే ఒకరు చూడాలి, బిడ్డనెలా చూస్తావే?” పురిటి స్నానం రోజున మా అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు చాపించింది. సన్నటి నా కాళ్ళ మధ్య సందులో తువ్వాలు మడిచి పెట్టి, పాపను వాటి మీద పడుకోబెట్టింది. నేనే నీళ్ళు పోశాను. నడవని కాళ్ళు ఆ పనికి సరిపోయాయి.

ఇంట్లో నేను నేల మీదే జరుగుతాను. పాప పాకే రోజుల్లో ఇద్దరం ఒకే ఎత్తులో తిరిగాం. మువ్వల పట్టీలు వేస్తే ఎక్కడుందో చెవులకు తెలిసేది. పరుగెత్తి పట్టుకోలేను కనుక ఇద్దరికీ ‘ఆగు’ ఆట నేర్పాను. ఆ మాట వినగానే బొమ్మలా నిలబడిపోవాలి. మూడేళ్ళప్పుడు బాబు గేటు దాటి రోడ్డు వైపు పరుగెత్తాడు. గుమ్మంలోంచి అరిచాను. ఆగాడు. లారీ వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇవి గర్వంగా చెప్పుకుంటాను. ఒకటి మాత్రం చెప్పుకోలేను. మావారు పొద్దున్నే డ్యూటీకి వెళితే రాత్రికి గానీ రారు. పాపకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి నీళ్ళందించడం, బట్టలారేయడం, తమ్ముణ్ణి తయారుచేయడం దాని పనులైపోయాయి. ఊరంతా మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. వాళ్ళ బడిలో తల్లిదండ్రుల సమావేశాలు మేడ మీద జరిగేవి. నేను కింద చక్రాల కుర్చీలో ఉంటే, టీచరు మాట నాకు, నా మాట టీచరుకు మోస్తూ పాప మెట్లెక్కి దిగేది. ఆ ఏడు విహారయాత్రకు పేరివ్వలేదు. ఎందుకమ్మా అంటే, “నీకు నీళ్ళెవరిస్తారు?” అంది.

ఆ నెలే పనికి ఒక మనిషిని పెట్టుకున్నాం. మాకది పెద్ద ఖర్చే. మరుసటి ఏడు పాప యాత్రకు వెళ్ళింది.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. పిల్లల పెంపకంలో వికలాంగులకు తగిన సాయం అందించాలని దాని 23వ అధికరణం చెబుతుంది. ఆ సాయం అందకపోతే బరువు పిల్లల మీద పడుతుందని నా ఇంట్లోనే చూశాను.

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. అంతమాత్రాన నాలాంటి తల్లిదండ్రులు ఉండరని కాదు. ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న నాన్నలు, పక్షవాతం వచ్చిన అమ్మలు ఈ గేటు దగ్గరికి వస్తూనే ఉంటారు.

స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కట్టాలనుకుంటున్నారట. ముందు ర్యాంపు కట్టండి. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలి. మన మెట్ల ఎత్తు అడుగున్నర, కాబట్టి 18 అడుగులు చాలు. నా వంతు పదివేలు ఈరోజే ఇస్తున్నాను.

ఇందాక నన్ను వేదిక ఎక్కించింది ఆ స్నేహితురాళ్ళే. వాళ్ళకీ యాభై దాటాయి, నడుం నొప్పులొచ్చాయి. కనీసం వాళ్ళ కోసమైనా కట్టించండి.

సెలవు.