పిల్లల మాటలో హెచ్చుతగ్గులు

మైకు ముందు క్రొత్తగా కూర్చున్నవారికి మేము మొట్టమొదట చెప్పునది భాషనుగూర్చి కాదు. గొంతు ఎంత పెంచవలెనో, ఎంత తగ్గించవలెనో అన్నదానిని గూర్చియే. పెద్దలకే నేర్పవలసిన ఈ విద్య పిల్లలకు పుట్టుకతో వచ్చునని మనము తలంచుట న్యాయమా?

1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు మేడలతో నిండినవి. వీథిలో వాహనముల రొద, ప్రక్కస్థలమున కట్టడపు యంత్రముల మోత, ఇంటిలో టెలివిజను. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి నివాసప్రాంతమున శబ్దము పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటరాదు. రొద హెచ్చినకొలది మనుష్యుడు తెలియకయే గొంతు పెంచునని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లో ప్రకటించెను. పిల్లలును ఇట్లే చేయుదురు. కావున ముందు టెలివిజను కట్టి, తరువాత బిడ్డకు చెప్పవలెను.

మరియొక సంగతి. రాత్రివేళ తండ్రియో తల్లియో హెడ్‌ఫోను తగిలించుకొని విదేశములవారితో పనిమాటలాడుచుందురు. అవతలివారి మాటలు చెవిలో మ్రోగుచుండుటచే తమ గొంతు తమకు సరిగా తెలియక బిగ్గరగా పలుకుదురు. బిడ్డ వినునది, నేర్చునది ఆ గొంతునే. ఆ బిడ్డయే నోరెత్తినంతనే "ష్! మీటింగులో ఉన్నాను" అని గదుముదురు. ఇందువలన బిడ్డ నేర్చునది మెల్లగా మాటాడుట కాదు. తన మాట ఎవరికిని అక్కరలేదని మాత్రమే.

"మెల్లగా" అన్న ఒక్క మాట పసివానికి కొలత కాజాలదు. గొంతులకు పేర్లు పెట్టుడు: చెవిమాట, గదిమాట, మైదానపు కేక. బిడ్డ కెదురుగా నిలిచి, ఒక్కొక్క అడుగు వెనుకకు వేయుచు, తన మాట మీకు అందునంత మాత్రమే గొంతు పెంచుమనుడు. మరల దగ్గరకు వచ్చుచు తగ్గింపుమనుడు. దూరమే కొలబద్దయని నాలుగు దినములలో వానికి తెలియును. ఇంటిలో గొంతు హెచ్చినప్పుడు "బాబూ, ఇది ఏ మాట?" అని మీరు గదిమాటతోనే అడుగుడు. వాడు సరిదిద్దుకొనినంతనే వాని కబురు పూర్తిగా వినుడు. అదియే వానికి బహుమానము. వంటయింటినుండి పడకగదికి కేక వేయక, నాలుగడుగులు నడచిపోయి పలుకుట పెద్దల వంతు.

ఇంత చేసినను బిడ్డ ఎల్లప్పుడు బిగ్గరగానే మాటాడినను, పిలిచినప్పుడు పలుకకున్నను, టెలివిజను దగ్గరకే జరుగుచున్నను అల్లరియని కొట్టివేయరాదు. జలుబు పిదప చెవి లోపల నీరు నిలిచిన పిల్లలకు వినికిడి తగ్గుట కలదు. గొంతు వారములకొలది బొంగురుగా నున్నచో అరపులవలన స్వరతంత్రులపై చిన్న గడ్డలు లేచియుండవచ్చును. కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రియందో, మరియొక వైద్యునియొద్దనో చూపింపవలెను.

కేక వేయుట నేరమని మాత్రము నేర్పకుడు. లిఫ్టులో చిక్కుకొన్ననాడు, ఎవరైన చేయిపట్టి లాగిననాడు బిడ్డకు అక్కరకు వచ్చునది ఆ కేకయే. దినమున కొకమారు పార్కులోనో, మేడపై పెద్దల యెదుటనో గొంతెత్తి అరచుటకు తావిండు. ఎప్పుడు ఎత్తవలెనో ఎరిగిన గొంతే ఎప్పుడు దించవలెనో ఎరుగును.