రెండో ఫారం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లోని సీనియర్లకు, అలవాటు మానలేక ఇవాళ కూడా వెనక వరుసలోనే సర్దుకున్న నా 1986 బ్యాచ్ వాళ్లకు నమస్కారం.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ విజయం గురించి పది నిమిషాలు మాట్లాడండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. నేను ఒక దరఖాస్తు ఫారం గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఆగి, సరే మీ ఇష్టం అన్నారు. అందులో స్ఫూర్తి ఎంత ఉందో మీరే చెప్పాలి.

మా నాన్నది బస్టాండు పక్కన సైకిలు షాపు. మీలో చాలామంది అక్కడ గాలి కొట్టించుకున్నవాళ్లే. 1988లో నాకు వరంగల్ ఆర్.ఇ.సి.లో సీటు వచ్చింది. ఆ రోజుల్లో ట్యూషన్ ఫీజు పెద్ద భారం కాదు. హాస్టలు మెస్ బిల్లు నెలనెలా కట్టాలి, అదీ భారం. ఇల్లు గడిచాక నాన్న చేతిలో మిగిలేది ఏమీ లేదు.

మన లెక్కల మాస్టారు పట్నం వెళ్లి రెండు ఫారాలు తెచ్చారు. జాతీయ రుణ ఉపకార వేతనం అని కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉండేది. మార్కులు బాగా వచ్చి, ఇంట్లో స్తోమత లేని పిల్లలకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చేవారు. ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తీర్చాలి. మాస్టారు రెండు ఫారాలూ నా చేతిలో పెట్టి, "ఒకటి నీకు, ఒకటి వాడికి. ఈ సాయంత్రమే ఇచ్చెయ్" అన్నారు.

వాడు అంటే ఈ బళ్లో ఐదేళ్లు నా పక్కన కూర్చున్నవాడు. లెక్కల్లో నాకంటే మెరుగు. ఇంజనీరింగు చదివించలేమని ఇంట్లో ముందే చెప్పడంతో వాడు ఎంసెట్ రాయలేదు, పట్నంలో బీయస్సీలో చేరాడు. లెక్కల మాస్టారు కావాలని వాడి కోరిక.

ముందు నా ఫారం సంగతి చెబుతాను. ఆదాయ ధ్రువపత్రం కావాలన్నారు. నాన్న రానన్నాడు. "ఊళ్లో ఎవడి దగ్గరా చెయ్యి చాపలేదు. ఇప్పుడు ఆఫీసుకెళ్లి నాకేం లేదని రాయించుకోవాలా?" అన్నాడు. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. చివరికి అమ్మ అంది: "అది లేదని రాసే కాగితం కాదు. ఉన్నదెంతో రాసే కాగితం." మూడో రోజు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు.

ఆఫీసులో ఏడాదికి ఎంతొస్తుందని అడిగారు. నాన్న జీవితంలో ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. తుమ్మముళ్లు రాలే రోజుల్లో పంచర్లు ఎక్కువ, వానలప్పుడు తక్కువ. నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పిన అంకె విని నేను తల దించుకున్నాను. మేం పేదవాళ్లమని తెలుసు గానీ, ఎంత పేదవాళ్లమో అంకెల్లో వినడం అదే మొదటిసారి.

అంతటితో అయిపోలేదు. పదో తరగతి సర్టిఫికెట్లో నాన్న పేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంది. ఇద్దరూ ఒకరేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కావాలన్నారు. ఇలా నాలుగుసార్లు తిరిగాం. తిరిగిన ప్రతిసారీ షాపు మూతే.

ఇక రెండో ఫారం. ఆ సాయంత్రం నేను దాన్ని వాడికి ఇవ్వలేదు. నింపేటప్పుడు తప్పు పోతే ఇంకొకటి ఉంటుందిలే అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. లోపల ఇంకొకటుంది. ఉపకార వేతనాలు పరిమితం, వాడి మార్కులు నాకంటే ఎక్కువ. నా ఫారం పోస్టులో పడ్డాక, గడువు నాలుగు రోజులుందనగా వాడికి ఇచ్చాను. నాలుగు రోజుల్లో ఆదాయ ధ్రువపత్రం వస్తుందో రాదో నాలుగుసార్లు తిరిగిన నాకు తెలియదా? తెలిసే ఇచ్చాను.

వాడికి గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది వాళ్ల నాన్నకు జబ్బు చేసింది. వాడు చదువు ఆపి రైసు మిల్లులో గుమాస్తాగా చేరాడు.

నాకు ఉపకార వేతనం వచ్చింది. మొదటి విడత రెండో ఏడాదిలో గానీ చేతికి రాలేదు. అప్పటిదాకా మెస్ బాకీకి లెక్కల మాస్టారే డబ్బు సర్దారు. ఉద్యోగంలో చేరాక ఆయనదీ తీర్చాను, ప్రభుత్వానిదీ తీర్చాను. బాండు కాగితాలు చదువుతున్నప్పుడు ఒక నిబంధన కనబడింది. ఈ అప్పు తీసుకున్నవాళ్లు ఉపాధ్యాయ వృత్తిలో చేరితే పనిచేసిన ఒక్కో ఏడాదికి పదో వంతు చొప్పున మాఫీ. అంటే వాడికి ఆ ఫారం సమయానికి అంది, అనుకున్నట్టు మాస్టారయ్యుంటే, పదేళ్లకు పైసా బాకీ ఉండేది కాదు. ఆ పథకం వాడిలాంటివాళ్ల కోసమే పెట్టారు.

పద్దెనిమిదేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయినప్పుడు పెద్దకర్మ పనులన్నీ వాడే దగ్గరుండి చూశాడు. ఆ రాత్రి చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే ఇచ్చినా మా నాన్న జామీను సంతకం పెట్టేవాడు కాదులేరా" అన్నాడు. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఈ సభలో చెప్పనా అని అడిగితే, "చెప్పు, పేరు మాత్రం వద్దు" అన్నాడు. వాడు ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లో ఇవాళ్టికీ రెండో ఫారం చేరాల్సిన చోటికి చేరడం లేదు. సాయం అప్పటికంటే ఎక్కువే ఉంది. అందులో నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా ఉపాధ్యాయులకు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ల పిల్లలు, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉన్నవాళ్లు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దరఖాస్తు ఎలా చెయ్యాలో పిల్లలకు పదమూడేళ్లకే తెలుస్తుంది. డబ్బు కంటే అది గొప్ప లాభమని నా అభిప్రాయం.

ఇంటర్‌లో బోర్డు స్థాయిలో పై 20 పర్సంటైల్‌లో ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపుంటే డిగ్రీలో ఏడాదికి 12,000 ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి మీకు తెలుసు. ఐఐటీల్లో కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుంచి ఐదు లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఫీజు అంకె చూసి సీటు వదులుకునేవాళ్లున్నారు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలోని మంచి సంస్థల్లో సీటొస్తే తాకట్టు, జామీను లేకుండానే బ్యాంకు రుణమిస్తుంది. మా నాన్నకు, వాడి నాన్నకు అడ్డం వచ్చింది ఆ జామీనే.

మూడు జాగ్రత్తలు. ఒకటి, పేర్లు. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఈ మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్లే ముందు మన బళ్లోనే సరిచూస్తే పిల్లలకు ఏళ్ల తరబడి తిరుగుడు తప్పుతుంది. రెండు, ఆదాయ ధ్రువపత్రం. ప్రకటన వచ్చాక పరుగెత్తకుండా ముందే తీసిపెట్టుకోవాలి. మూడు, సొమ్ము ఆలస్యంగా వస్తుందని ముందే అనుకోవాలి. చదువులు చాలా వరకు డబ్బు మంజూరైన రోజుకీ, చేతికందిన రోజుకీ మధ్య ఆగిపోతాయి. మన సంఘం నిధి ఉపయోగపడాల్సింది సరిగ్గా అక్కడ. దానంగా ఇవ్వనక్కర్లేదు, మాస్టారు నాకు చేసినట్టు సర్దుబాటు చేస్తే చాలు.

అడగడానికి సిగ్గుపడే పిల్లలకు మా అమ్మ మాటే చెప్పండి. అది లేదని రాసే కాగితం కాదు.

విదేశాల నుంచి వచ్చిన మిత్రులు ఆర్చి కట్టిద్దాం, కంప్యూటర్లు ఇద్దాం అంటున్నారు. సంతోషం. నేను అడిగేది ఒక బల్ల, రెండు కుర్చీలు. ఏటా జూన్ నుంచి ఆగస్టు దాకా ప్రతి శనివారం ఈ బడి వరండాలో వేద్దాం. ఊళ్లో ఏ పిల్ల, ఏ పిల్లవాడు వచ్చినా దగ్గర కూర్చోబెట్టి ఫారం నింపిద్దాం, తల్లిదండ్రులతో పాటు ఆఫీసుకు వెళదాం. ఒకరికి తెలిసిన సంగతి పదిమందికి ఆ రోజే చెబుదాం. నాలుగు రోజుల ముందు చెప్పేది సాయం కాదు. అది నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఒక కుర్చీలో కూర్చోవడానికి మన మిల్లు గుమాస్తా గారు ఒప్పుకున్నారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద పిల్లలకు ఉచితంగా లెక్కలు చెబుతున్న మనిషి ఆయన. పేరు చెప్పద్దన్నాడు గానీ, మీలో సగం మంది ఇప్పటికే వెనక్కి తిరిగి చూస్తున్నారు.

రెండో కుర్చీ నాది.