పాటలోంచి పుట్టిన గీత
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



బొమ్మంటే ఉన్నది ఉన్నట్టు దించడమేనని మీలో చాలామంది అనుకుంటారు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అలా అనుకోలేదు. ఆయన మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్. మన ఆదిలాబాద్ పర్ధాన్లు కిక్రి వాయించి గోండుల కథలు పాడినట్టే, అక్కడివాళ్లు బానా వాయించి పాడతారు. ఆ పాటల్లోని దేవుళ్లకు ఆయన గీతలతో రూపం ఇచ్చాడు.

ఊళ్లో ఆయన వేసిన గోడబొమ్మలు 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం కంటపడ్డాయి. ఆయన్ని భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకెళ్లారు. అక్కడ కాగితం, సిరా, కొత్త రంగులు చేతికొచ్చాయి. ఇక ప్రయోగాలే! జింక కొమ్ములు చెట్టుకొమ్మలయ్యాయి. ఒళ్లంతా చుక్కలు, సన్నగీతలు. అచ్చం జింకలా ఉండదు, కాని జింక కదలిక తెలుస్తుంది. స్వామినాథన్ నైరూప్య చిత్రకారుడు. ఆదివాసీల బొమ్మలనూ నగర చిత్రకారుల బొమ్మలనూ ఒకే చోట, సమానంగా ఉంచాడు. 1989లో జన్‌గఢ్ చిత్రాలు పారిస్ ప్రదర్శనకు వెళ్లాయి.

2001లో, చిన్న వయసులోనే, ఇంటికి దూరంగా జపాన్‌లో ఆయన చనిపోయాడు. ఆ బాధ మనకు ఇంకా ఉంది. అందుకే చెబుతున్నా: బయటి నుంచి పిలుపొస్తే వెళ్లండి. కాని షరతులన్నీ చదివాకే సంతకం పెట్టండి. మనవాళ్లతో రోజూ మాట్లాడుతుండండి.

ఈ రాత్రి మీ అవ్వను ఒక కథ అడగండి. అందులో మీకు కనిపించింది గీయండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, అది మీ గీతే.